ఎవరు పిలవాలి, ఎవరు పలకాలి

బాబాయి టెలిఫోన్ ఎక్స్ఛేంజిల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ కొనుగోళ్ల కమిటీలో సభ్యుడు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. హైదరాబాద్‌లో వైఫై పరికరాలను పరీక్షించే ఉద్యోగం. ఆ కాలేజీలో 60 లాప్‌టాప్‌లతో ఒక పరీక్షల హాలుంది. పరీక్ష రాసేవాళ్ల ముఖాలను లాప్‌టాప్ కెమెరాలు ఎప్పటికప్పుడు సర్వర్‌కు పంపుతూ ఉండాలి. అక్కడే నెట్‌వర్క్ తడబడుతోంది. ఎనిమిది యాంటెన్నాల ఆక్సెస్ పాయింట్లు కొంటే తీరిపోతుందని ఒక కొటేషన్ వచ్చింది. టెలిఫోన్ మనిషి కట్టుబాటు వైపు, ఈ తరం పిల్ల స్వేచ్ఛ వైపు ఉంటారని నేననుకున్నాను. వ్యవహారం తిరగబడింది.

బాబాయి: కొటేషన్‌లో ఏం రాశాడో చూశావా? ‘ఒకేసారి ఎనిమిది మంది అప్‌లింక్.’ ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడితే వినేవాడికి ఏం అర్థమవుతుందే?

అమ్మాయి: ఎనిమిది యాంటెన్నాలుంటే అర్థమవుతుంది బాబాయ్. ఒక్కో లాప్‌టాప్ సిగ్నల్ గోడలకీ బల్లలకీ తగిలి ఒక్కో యాంటెన్నా దగ్గరికి వేరే బలంతో, వేరే ఫేజుతో చేరుతుంది. ఆ తేడాలు ముందుగా కొలిచి పెట్టుకుంటే కలగాపులగంగా వచ్చిన సిగ్నళ్లను లెక్కతో విడదీయొచ్చు. ఎనిమిది తెలియని రాశులు, ఎనిమిది సమీకరణాలు.

బాబాయి: ఆ గణితం నాకు కొత్త కాదులే. మన నేవీకి సోనార్ తయారుచేసిన పాల్‌రాజ్ స్టాన్‌ఫర్డ్ వెళ్లి, 1992లో కైలాత్‌తో కలిసి పేటెంటుకు దరఖాస్తు పెట్టింది ఈ దారిలోనేగా. గణితాన్ని కాదనను. పిలుపు పద్ధతి మీదే నా పేచీ. ఎనిమిది మందీ ఒకేసారి మాట్లాడాలంటే ఎవరో ఒకరు ‘ఊఁ, కానివ్వండి’ అనాలి కదా?

అమ్మాయి: ఆక్సెస్ పాయింటే అంటుంది. దాన్ని ట్రిగ్గర్ ఫ్రేమ్ అంటారు. 802.11ఏఎక్స్‌లో, అంటే వైఫై 6లో వచ్చింది. ఫలానా వాళ్లు, ఫలానా స్ట్రీమ్ మీద, ఇంత సేపు, ఇంత బలంతో పంపండి అని ఆజ్ఞ వెళ్తుంది. అది అందిన 16 మైక్రోసెకన్లకు అందరూ ఒక్కసారి మొదలుపెడతారు.

బాబాయి: అదిగో, ఆజ్ఞ! ఉద్యోగమంతా నేను చూసింది అదే. ఒక కాల్‌కు ఒక లైను ఇచ్చేవాళ్లం. మాట్లాడినా, నోరు మూసుకున్నా ఆ లైను వాళ్లదే. ఫోన్లో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటారు గనక ఎటు చూసినా సగానికి సగం లైను ఖాళీ. ఆ ఖాళీకి కాపలా కాసి జీతం తీసుకున్నవాణ్ణి నేను. హవాయి యూనివర్సిటీలో అబ్రామ్సన్ బృందం 1971లో అలోహా నడిపించింది ఆ ఖాళీ భరించలేకే. ఎవరి దగ్గర మాటుంటే వాళ్లు మాట్లాడండి, ఢీకొంటే కాసేపాగి మళ్లీ పంపండి, అంతే. వైఫై ఆ వంశంలోదే. పిలిచే పెద్ద లేకపోవడమే దాని బలం.

అమ్మాయి: ఆ వంశం దిగుబడి కూడా చెప్పు బాబాయ్. శుద్ధ అలోహాలో గరిష్ఠంగా 18 శాతం. కాలాన్ని గళ్లుగా కోస్తే 37.

బాబాయి: వైఫై ముందు చెవి పెట్టి విని, గాలి ఖాళీగా ఉంటేనే మాట్లాడుతుంది. దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకు.

అమ్మాయి: సరే, వైఫై లెక్కే వేద్దాం. 5 గిగాహెర్ట్జ్‌లో మామూలు డేటా పంపాలంటే 43 మైక్రోసెకన్లు నిశ్శబ్దం వినాలి. ఆపైన సున్నా నుంచి 15 దాకా ఏదో ఒక అంకె తీసుకుని, ఒక్కో అంకెకు 9 మైక్రోసెకన్లు ఆగాలి, దాన్నే బ్యాకాఫ్ అంటారు. సగటున 67. తర్వాత ప్యాకెట్టు ముందుండే పీఠిక ఒక 40. అందిందని వచ్చే జవాబుకు, దాని ముందు విరామంతో కలిపి, ఇంకో 46. ఇక అసలు సరుకు చూడు. 1500 బైట్ల ప్యాకెట్టు 866 మెగాబిట్ల వేగంలో 14 మైక్రోసెకన్లు. మొత్తం 210. అందులో పని జరిగింది 14.

బాబాయి: పదిహేనో వంతు.

అమ్మాయి: ఇప్పుడు మీ హాలు. ఒక్కో కెమెరా సెకనుకు ఒక మెగాబిట్ పంపిందనుకో. 1200 బైట్ల ముక్కలైతే సెకనుకు నూటికి పైగా ప్యాకెట్లు. 60 లాప్‌టాప్‌లకు 6,250 దాకా అవుతాయి. ఒక్కోదానికి 210 మైక్రోసెకన్లంటే ఒక సెకను పనికి 1.3 సెకన్లు కావాలి. డబ్బా మీద 866 మెగాబిట్లని అచ్చేసిన వైఫై 60 మెగాబిట్లకే చేతులెత్తేస్తుంది. ఢీకొనడాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

(ఈ లెక్క విన్నాక నేను అమ్మాయి పక్షానికి జరిగిపోయాను. బాబాయి కదల్లేదు.)

బాబాయి: లెక్క సరే, లోకం వేరు. ప్యాకెట్లు ఒక్కొక్కటీ విడిగా పోతాయని నీకెవరు చెప్పారు? 2009లో 802.11ఎన్ వచ్చినప్పటి నుంచి వరసలో నిలబడ్డ ప్యాకెట్లన్నిటినీ ఒకే మూటగా కట్టి పంపడం ఉంది. అందిందన్న జవాబు కూడా మూట మొత్తానికి ఒకటే. నీ లాప్‌టాప్‌కు గాలి దొరకడం 30 మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఈలోగా మూడు ప్యాకెట్లు పోగవుతాయి. ఒకే ఊపులో మూడూ వెళ్తాయి. నీ 1.3 సెకన్లు సగానికన్నా కిందికి దిగుతుంది. రద్దీ పెరిగిన కొద్దీ మూట పెద్దదవుతుంది. తన వైద్యం తానే చేసుకునే వ్యవస్థ ఇది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు.

అమ్మాయి: ఆ వైద్యం ఆలస్యంతో చేసేది. కెమెరాకు 30 మిల్లీసెకన్లు ఫరవాలేదు. కానీ 60 మంది పోటీ పడుతుంటే 30 దగ్గర ఆగదు. బియాంకీ 2000లో ఇచ్చిన నమూనా ఉందిగా, అందులో 15 దగ్గర మొదలయ్యే బ్యాకాఫ్‌తో 50 మందిని పెట్టి చూడు. అందరి దగ్గరా ఎప్పుడూ సరుకు ఉందనుకుంటే ప్రతి ప్రయత్నంలోనూ ఢీకొనే అవకాశం సగానికి మించిపోతుంది. ఢీకొన్నది చిన్న ప్యాకెట్టు కాదు, నువ్వు కట్టిన పెద్ద మూట. పోతే మూటంతా పోతుంది.

బాబాయి: మూట పంపేముందు ‘పంపనా’ అని ఆర్‌టీఎస్ పంపి, ‘పంపు’ అన్న సీటీఎస్ అందాక పంపుకోవచ్చు.

అమ్మాయి: పంపొచ్చు. అప్పుడు మాత్రం పిలుపు లేదంటావా? పెద్దను అడిగి అనుమతి తీసుకోవడమేగా అది! అనుమతి ఎలాగూ తీసుకుంటున్నప్పుడు ఒక్కరే ఎందుకు, నలుగురు తీసుకోవచ్చుగా? ఆక్సెస్ పాయింటుకు నాలుగు యాంటెన్నాలున్నాయనుకో, లాప్‌టాప్‌కు రెండు. ఒక్క లాప్‌టాప్ మాట్లాడుతుంటే మిగతా 59 నోరు కట్టుకుని కూర్చుంటాయి. నాలుగు స్ట్రీమ్‌లు వినగలిగినది రెండే వింటుంది.

బాబాయి: మిగతా రెండు యాంటెన్నాలు ఊరికే ఉన్నాయా? ఆ సిగ్నల్‌నే పట్టుకుని బలం పెంచడం లేదూ?

అమ్మాయి: పెంచుతాయి. యాంటెన్నాలు రెట్టింపైతే అందే బలం రెట్టింపు, మూడు డెసిబెల్స్. దానితో ఒక్కో స్ట్రీమ్‌లో మహా అయితే ఒక బిట్ పెరుగుతుంది. అదే రెండో లాప్‌టాప్‌ను కూడా మాట్లాడనిస్తే మొత్తం రెట్టింపవుతుంది. పైగా దగ్గర కూర్చున్న లాప్‌టాప్ ఇప్పటికే అత్యధిక వేగం మీద ఉంటుంది. వైఫై 6లో ఒక సంకేతానికి 10 బిట్లు, అంతకు మించి పోనివ్వరు. దానికి ఇంకా బలం ఇచ్చి ఏం లాభం?

బాబాయి: ఆ మాట ఒప్పుకుంటా. అయితే దానికి మందు నీ ట్రిగ్గరేనని ఒప్పుకోను. ఆజ్ఞ లేకుండానే ఇద్దరు ముగ్గురు మాట్లాడితే విడదీసుకునే ఆక్సెస్ పాయింట్ ఎందుకు చేయకూడదు? గెజ్, వెర్డూ, ష్వార్ట్స్ 1988లోనే చూపించారు, ఒకేసారి ఒకటికి మించి ప్యాకెట్లు అర్థం చేసుకోగలిగే రిసీవరుంటే అలోహా ఎంత నిలకడగా ఉంటుందో. 2009 మోబికామ్‌లో శామ్ అనే పద్ధతి వచ్చింది. లాప్‌టాప్‌లు తమంతట తాము వచ్చి కలుస్తాయి, ఆక్సెస్ పాయింట్ ఒకదాని వెనక ఒకటి విప్పుకుంటుంది. ఎంఐటీలో గొల్లకోట, కటాబీ 2008లో ఢీకొన్న ప్యాకెట్లను కూడా విడదీసి చూపించారు, జిగ్‌జాగ్ అన్నారు దాన్ని. ఢీకొనడం నేరం కానప్పుడు పోలీసెందుకు?

అమ్మాయి: అవన్నీ నేనూ చదివాను, ఇష్టంగా చదివాను. అయితే ఒక చిక్కుంది. మొదటి లాప్‌టాప్ మాట్లాడుతుండగా రెండోది మధ్యలో దూరిందనుకో. దాని పీఠిక మొదటిదాని డేటా కింద పూడిపోతుంది. సిగ్నల్ కొలవాల్సింది ఆ పీఠికతోనే. అదీ దాటొచ్చు, శామ్ దాటింది. రిసీవర్ గెయిన్ మాటేమిటి? మొదటి ప్యాకెట్ మొదలవగానే దాని బలానికి తగ్గట్టు గెయిన్ సెట్టవుతుంది. తర్వాత వచ్చింది పది రెట్లు బలమైనదైతే కన్వర్టర్ నిండి, ఇద్దరిదీ పోతుంది. ట్రిగ్గర్ దీన్ని మొదట్లోనే కోసేస్తుంది. అందరి పీఠికలూ ఒకేసారి మొదలవుతాయి, ఒకదాన్నొకటి చెరపని వరసల్లో ఉంటాయి. ఎవరెంత బలంతో చేరాలో ఆజ్ఞలోనే ఉంటుంది.

బాబాయి: ఆజ్ఞలో ఉంటుంది. లాప్‌టాప్ పాటిస్తుందా?

(ఇక్కడి నుంచి సంభాషణ రుచి మారింది. అప్పటిదాకా ఇద్దరూ పుస్తకాలు విసురుకుంటున్నారు.)

అమ్మాయి: ప్రమాణంలో హద్దులున్నాయి. అందరూ 0.4 మైక్రోసెకను తేడాలోపు మొదలుపెట్టాలి. ఫ్రీక్వెన్సీ తేడా 350 హెర్ట్జ్ లోపుండాలి.

బాబాయి: మామూలు స్ఫటికం పది లక్షల్లో 20 వంతులు అటూఇటూ ఊగుతుంది. 5 గిగాహెర్ట్జ్ దగ్గర అది లక్ష హెర్ట్జ్. నువ్వడిగేది కోటిలో ఒక వంతుకు లోపు.

అమ్మాయి: స్ఫటికాన్ని ఎవరడిగారు? ట్రిగ్గర్ ఫ్రేమ్ విని, దాని ఫ్రీక్వెన్సీతో తనది సరిచూసుకుని జవాబిస్తుంది. అందుకే ట్రిగ్గర్ కేవలం పిలుపు కాదు, శ్రుతి కూడా. చాలా చిప్పులు బాగానే కలుపుతాయి. కలపనిది బలం. అక్కడ రెండు తరగతులు పెట్టారు. ఏ తరగతి పరికరం చెప్పిన బలానికి మూడు డెసిబెల్స్ అటూఇటూలో ఉండాలి. బీ తరగతికి తొమ్మిది డెసిబెల్స్ దాకా చెల్లుతుంది.

బాబాయి: తొమ్మిదంటే ఎనిమిది రెట్లు! ఒకడు ఎనిమిది రెట్లు ఎక్కువ అరిచినా పాసేనా?

అమ్మాయి: పాసే.

బాబాయి: అదీ సంగతి. ఇప్పుడు చరిత్ర చెబుతా విను. 1997లో వచ్చిన మొదటి 802.11లోనే ఆక్సెస్ పాయింట్ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచే పద్ధతుంది, పీసీఎఫ్ అని. ఎవరూ వాడలేదు. 2005లో దాన్నే సవరించి హెచ్‌సీసీఏ అన్నారు. అదీ మూలన పడింది. రెండుసార్లు చచ్చినదాన్ని మూడోసారి లేపారు. ఎందుకు చచ్చిందంటావ్? బంతిలో వడ్డించేవాడు ప్రతి విస్తరి దగ్గరా ఆగి ‘సాంబారు కావాలా’ అని అడిగితే, అందరూ చాలన్నా సరే ఆ చివరికి వెళ్లేసరికి సాంబారు చల్లారిపోతుంది. అడగడానికి పట్టే సమయం వడ్డనకు పట్టేదానికన్నా ఎక్కువ.

అమ్మాయి: ఒక్కొక్కరినీ అడిగితే అంతే. ఇప్పుడు అడిగేది గుంపును. ‘మీ దగ్గర ఎంత పోగైంది’ అని ఒకే ఫ్రేమ్‌లో చాలామందిని అడగొచ్చు, వాళ్లంతా ఒకేసారి చెప్పొచ్చు. ఇంకా చవకైనదుంది. ‘ఉందా, లేదా’ అన్న ఒక్క ముక్క 20 మెగాహెర్ట్జ్‌లో 18 మంది ఒకేసారి చెప్పేస్తారు.

బాబాయి: ఆ చవకది తప్పనిసరా?

అమ్మాయి: ...కాదు. ఐచ్ఛికం.

బాబాయి: సరే, ఖర్చు చెప్పు. ఎంత పోగైందని అడగడం, జవాబు, మళ్లీ పిలుపు, నీ పొడుగాటి పీఠిక, చివర అందరికీ కలిపి రసీదు. ఎంత?

అమ్మాయి: మూడు నాలుగు వందల మైక్రోసెకన్లు, పైన గాలి దొరకడానికి పట్టేది అదనం. కానీ నలుగురి దగ్గర రెండేసి మిల్లీసెకన్ల సరుకుంటే ఎనిమిది మిల్లీసెకన్ల పని రెండున్నరలో అయిపోతుంది. చిన్న సరుకైనా, నలుగురి దగ్గరా ఉంటే నష్టం లేదు. విడివిడిగా నాలుగుసార్లు పోటీ పడితే ఎనిమిది వందల పైచిలుకు అయ్యేది కదా.

బాబాయి: నలుగురిని పిలిస్తే ఒక్కడి దగ్గరే ఉంటే?

అమ్మాయి: అప్పుడు నష్టమే. ఒక్కడు తనంతట తాను 210లో ముగించుకునేవాడు.

బాబాయి: ఒకడి దగ్గర రెండు మిల్లీసెకన్ల సరుకు, మిగతా ముగ్గురి దగ్గర పావు మిల్లీసెకను సరుకుంటే?

అమ్మాయి: అందరూ ఒకేసారి ముగించాలి. తక్కువున్నవాళ్లు ఉత్త సున్నాలతో నింపుతారు.

బాబాయి: నా ఖాళీ లైన్లు మళ్లీ వచ్చాయి చూశావా.

అమ్మాయి: వచ్చాయి, అందుకే సమర్థత యాంటెన్నాల లెక్కతో రాదు బాబాయ్. ఎవరి దగ్గర ఎంతుందో ఆక్సెస్ పాయింటుకు ఎంత నిజంగా తెలుసన్న దాన్ని బట్టి వస్తుంది. సమాచారం పాతబడితే ఆజ్ఞ గుడ్డిదవుతుంది. ప్రమాణం ఆజ్ఞ ఎలా ఉండాలో చెప్పింది, ఎవరిని ఎప్పుడు ఎవరితో కలిపి పిలవాలో చెప్పలేదు. అది తయారీదారు రాసుకునే ప్రోగ్రాం. పక్కపక్కన కూర్చున్న రెండు లాప్‌టాప్‌ల సిగ్నళ్లు దాదాపు ఒకేలా చేరితే వాటిని ఒక గుంపులో వేయకూడదు. వేస్తే సమీకరణాలు రెండున్నా తేడా ఉండదు, విడదీసేటప్పుడు నాయిస్ పెరిగిపోతుంది. మంచి షెడ్యూలర్ దూరందూరంగా ఉన్నవాళ్లను జత చేస్తుంది. చెడ్డది వరస నంబరు చూసి పిలుస్తుంది. రెండిటి డబ్బా మీదా ఒకే అంకె ఉంటుంది.

బాబాయి: 2022 జనవరిలో గానీ వైఫై అలయన్స్ యాంటెన్నాలతో విడదీసే ఈ పద్ధతిని, అంటే అప్‌లింక్ మల్టీయూజర్ మైమోను, వైఫై 6 సర్టిఫికెట్‌లో చేర్చలేదు. డౌన్‌లింక్ 802.11ఏసీతోనే, 2013లోనే ప్రమాణంలోకొచ్చింది. లెక్కలో సులువైనది అప్‌లింకేగా? డౌన్‌లింక్‌లో ప్రతి ఒక్కడూ చానల్ కొలిచి తిరిగి చెప్పాలి. అప్‌లింక్‌లో వచ్చే పీఠికలోనే కొలుచుకోవచ్చు. సులువైనది ఇంత ఆలస్యమైందంటే, కష్టమంతా లాప్‌టాప్‌ల చేత చెప్పినట్టు చేయించడంలో ఉందన్నమాట.

అమ్మాయి: ఆ మాట నా నోటితో అనిపించాలని చూస్తున్నావ్. అవును.

బాబాయి: కాబట్టి నా ప్రతిపాదన విను. ఎనిమిది యాంటెన్నాలది ఒకటి బదులు మామూలువి మూడో నాలుగో కొను. 2018లో మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వదిలారు. ఒక్కోదానికి వేరే చానల్ ఇవ్వు, 15 లాప్‌టాప్‌లు తగిలించు. 15 మంది పోటీ పెద్ద పోటీ కాదు. పిలుపూ లేదు, శ్రుతీ లేదు.

(హాలు ఒక్కటే అయితే నేనిక్కడే సంతకం పెట్టేసేవాణ్ణి.)

అమ్మాయి: ఒక హాలుకు బాగుంటుంది. ఆ అంతస్తులో లాబులు కూడా ఉన్నాయి, కింద లైబ్రరీ ఉంది. ఒకే గదిలో నాలుగు రేడియోలు దగ్గరదగ్గరగా పెడితే పక్క చానల్‌లోకి కారుతుంది. పైగా లాప్‌టాప్ తనకిష్టమైనదాన్ని పట్టుకుని వదలదు, 15-15గా పంచడం మనం అనుకున్నంత సాఫీగా జరగదు. అయినా నాలుగు యాంటెన్నాలవి రెండు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఎనిమిదిదాన్ని నేనూ వెనకేసుకురాను. మీ స్విచ్‌లు కేబుల్ మీద 30 వాట్లిస్తాయి. దానికి ఇంకా కావాలి. చాలకపోతే కొన్ని యాంటెన్నాలు ఆపేసుకుంటుంది. ఎనిమిదికి డబ్బిచ్చి నాలుగుతో బతకడం అవుతుంది.

బాబాయి: ఇది మొదటే చెప్పొచ్చుగా!

అమ్మాయి: నువ్వు అలోహాతో మొదలుపెట్టావుగా. ఇంకోటి. కెమెరా ప్యాకెట్లు చిన్నవి. వాటికి మైమో కన్నా ఓఎఫ్‌డీఎంఏ నయం. చానల్‌ను సన్నటి పాయలుగా చీల్చి ఒక్కొక్కరికీ ఒక్కో పాయ ఇవ్వడం. 20 మెగాహెర్ట్జ్‌లో తొమ్మిది పాయలు. యాంటెన్నాలతో విడదీసే పని కనీసం 106 సబ్‌క్యారియర్ల వెడల్పున్న పాయ మీదే చేస్తారు, అది పెద్ద ఫైళ్లకు. పరీక్ష అయ్యాక అందరూ ప్రాజెక్టు ఫైళ్లు ఎక్కిస్తారు చూడు, అప్పుడు మైమో పని చూపిస్తుంది. ఆ పాయల్లో కూడా కొన్నిటిని ఎవరికీ పేరు పెట్టకుండా వదలొచ్చు. పిలవనివాడు వచ్చి అందులో అదృష్టం పరీక్షించుకోవచ్చు.

బాబాయి: అంటే ఆజ్ఞ మధ్యలో అలోహా!

అమ్మాయి: 37 శాతం దిగుబడితో సహా.

బాబాయి: సరే, పిలుపు పెట్టుకో. కానీ టెండరులో షరతు రాస్తా. మా హాల్లో, మా 60 లాప్‌టాప్‌లతో, ఆ అప్‌లింక్ పిలుపు ఒకసారి ఉంచి, ఒకసారి ఆపి చూపించాలి. మొత్తం మెగాబిట్లు నాకొద్దు. అందరికన్నా వెనకబడ్డ లాప్‌టాప్ ఎంత ఆలస్యమైందో అది రాయాలి.

అమ్మాయి: నూటికి 95 వంతుల హద్దు రాద్దాం. ఒక్క పాడు లాప్‌టాప్ వల్ల మంచి సామాను ఫెయిలవకూడదు.

బాబాయి: ఆ ఒక్క లాప్‌టాప్ ముందు కూడా పరీక్ష రాసే పిల్లే కూర్చుంటుంది. అందరికన్నా వెనకబడ్డదే రాయి.

అమ్మాయి: అయితే అదేదో ఇప్పుడే చెబుతా విను. సగం లాప్‌టాప్‌లు వైఫై 5వి. వాటికి ట్రిగ్గర్ అర్థమే కాదు. పిలిచినా పలకవు, పాత పద్ధతిలో పోటీ పడుతూనే ఉంటాయి. కొత్తవాటికేమో ఆక్సెస్ పాయింట్ ‘నేను పిలుస్తున్నాగా, మీరు సొంతంగా పోటీ తగ్గించండి’ అని చెప్పగలదు. పాతవి ఆ ఖాళీలోకి చొరబడతాయి. నువ్వు ఎన్ని యాంటెన్నాలు గోడకు తగిలించినా అప్‌లింక్ మొదలయ్యేది లాప్‌టాప్‌లో. ఆ ఎనిమిదింటికి పెట్టే డబ్బు పెట్టి పాత లాప్‌టాప్‌ల్లో వైఫై కార్డులు మార్పించు. చాలావాటిలో అది విడిగా తీసి పెట్టేదే.

బాబాయి: కార్డులా? మార్చినంత మాత్రాన అవి చెప్పిన మాట వింటాయా? ఆ ఎనిమిది రెట్లు అరిచే బీ తరగతివి అంటగడితే?

అమ్మాయి: ధరల పట్టీలో తరగతి రాయరు.

బాబాయి: రాసిమ్మని అడుగుతా.

అమ్మాయి: అడగక్కర్లేదు. ఆక్సెస్ పాయింటుకు తగులుకునేటప్పుడు పంపే ఫ్రేమ్‌లో తన తరగతి ఏదో కార్డే చెప్పుకుంటుంది, ఒక్క బిట్. నమూనాకు రెండు మూడు కంపెనీల కార్డులు తెప్పించు. గాలిలో పట్టుకుని చదివి చెబుతా.

బాబాయి: చదవడం సరే, కొలుస్తావా?

అమ్మాయి: కొలుస్తా. ఏ అని చెప్పుకుని బీలా అరిచేవి కూడా ఉంటాయి.